టెన్షన్‌లో ఉన్నప్పుడు తెలిసినవాళ్ల పేర్లు, ముఖాలు ఎందుకు గుర్తుకు రావు?

నీలాంబరి

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

ఈ మధ్యే ఆఫీసులో టీమ్ బాధ్యత నా మీద పడింది. అప్పటినుంచి ఒక ఇబ్బంది మొదలైంది. మీటింగ్‌లో అందరూ నావైపే చూస్తున్నప్పుడు, రోజూ మాట్లాడే మనిషినే పేరు పెట్టి పిలవాల్సి వస్తే పేరు రాదు. మనిషి తెలుసు, ఏ పని చూస్తారో తెలుసు, వాళ్ల పాపకి ఒంట్లో బాగాలేక సెలవు పెట్టిన సంగతి కూడా గుర్తుంటుంది, పేరు దగ్గరికి వచ్చేసరికి బుర్ర ఖాళీ. "మీరు చెప్పండి" అని చేత్తో చూపించి నెట్టుకొస్తున్నాను. మీటింగ్ అయిపోయి కారిడార్‌లోకి రాగానే ఆ పేరు దానంతటదే గుర్తొస్తుంది.

రెండోది ఇంకా బాధగా ఉంది. పెద్దవాళ్ల ముందు ప్రెజెంటేషన్ ఉన్న రోజు ఒకావిడని పరిచయం చేశారు, బాగానే మాట్లాడుకున్నాం, మర్నాడు లిఫ్ట్‌లో ఆవిడ నవ్వి పలకరిస్తే ఎవరో అనుకున్నాను. ఆవిడ చాలా చిన్నబుచ్చుకున్నారు. అదే, ఎన్నో ఏళ్ల కింద ఒక ఇంటర్వ్యూలో నన్ను అందరి ముందూ తీసిపారేసినట్టు మాట్లాడిన పెద్దమనిషి ముఖం, కళ్లజోడు, ఆ గొంతులోని వెటకారం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అది కూడా టెన్షనే కదా, మరి అదెందుకు చెరిగిపోలేదు?

మా అమ్మమ్మకి చివర్లో డిమెన్షియా వచ్చింది, మమ్మల్ని కూడా గుర్తుపట్టలేదు. ఆ భయం ఒకటి లోపల తొలుస్తోంది. దీనికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ముక్కు స్ప్రే పనిచేస్తుందని ఎక్కడో చదివాను, అది నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

నాడీకణం

నీలాంబరి గారూ, మెదడు హార్మోన్ల మీద పనిచేసే ల్యాబ్‌లో ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. మీరు రాసిన మూడూ ఒకే జబ్బు లక్షణాలు కావు, మూడు వేర్వేరు సంగతులు. ఒత్తిడి వల్ల జ్ఞాపకశక్తి పోతుంది అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ల మాట పట్టించుకోకండి. ఒత్తిడి ఎప్పుడు వచ్చింది అన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. జ్ఞాపకం తయారవుతున్నప్పుడు వచ్చిందా, తయారైన వెంటనే వచ్చిందా, లేక దాన్ని బయటికి తీయబోతున్నప్పుడు వచ్చిందా అన్నదాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది.

టెన్షన్ పడగానే రెండు రకాల రసాయనాలు కదులుతాయి. ఒకటి నోరాడ్రెనలిన్, ఇది క్షణాల్లో పైకి లేస్తుంది, గుండె దడదడలాడేది ఆ జోరుకే. రెండోది కార్టిసాల్. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ దాని కిందుండే పిట్యూటరీ గ్రంథికి చెప్తుంది, పిట్యూటరీ రక్తంలోకి ఇంకో హార్మోన్ వదులుతుంది, అది మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల్ని తట్టి లేపితే అప్పుడు కార్టిసాల్ వస్తుంది. ఇంత దూరం ప్రయాణం కాబట్టి అది నెమ్మది, టెన్షన్ మొదలైన 20, 30 నిమిషాలకు గానీ గరిష్ఠానికి చేరదు, ఆ తర్వాత దిగడానికి గంట పైనే పడుతుంది. ఈ కార్టిసాల్‌ని పట్టుకునే రిసెప్టర్లు మెదడులో దండిగా ఉండే చోట్లలో హిప్పోకాంపస్ ఒకటి, అంటే మన కొత్త జ్ఞాపకాలు కుదురుకునే చోటు. ఆ సంగతి 1968లోనే బ్రూస్ మెకెవెన్ ఎలుకల్లో చూపించారు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. 1998లో ఒక ప్రయోగం జరిగింది, నాకు చాలా ఇష్టమైనది. ఎలుకలకు నీళ్ల తొట్టిలో మెట్టు ఎక్కడుందో నేర్పారు. తర్వాత కాళ్లకు చిన్న షాక్ ఇచ్చి, ఆ మెట్టు గుర్తుందో లేదో చూశారు. షాక్ ఇచ్చిన 2 నిమిషాలకు పరీక్షిస్తే గుర్తుంది. 4 గంటల తర్వాత పరీక్షించినా గుర్తుంది. 30 నిమిషాలకు పరీక్షిస్తే మాత్రం తడబడ్డాయి, అంటే సరిగ్గా కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్ మంచి జోరు మీదున్న సమయంలో. జ్ఞాపకం ఎక్కడికీ పోలేదు, తీసుకోవడం కుదరలేదు, అంతే. 2000లో అదే పరిశోధకులు మనుషుల మీద చూశారు. ముందురోజు నేర్చుకున్న మాటల్ని అప్పజెప్పే గంట ముందు, ఒంట్లో కార్టిసాల్‌గా మారే కార్టిజోన్ మాత్ర ఇస్తే తక్కువ మాటలు గుర్తొచ్చాయి, అదే మాత్రని నేర్చుకునేటప్పుడు ఇస్తే తేడా రాలేదు.

మీకు మీటింగ్ సగంలోనే పేరు ఎగిరిపోతోంది అంటే, మీటింగ్‌కి అరగంట ముందునుంచే మీరు లోలోపల కంగారు పడుతున్నారని నా అనుమానం. దానికి తోడు, పేరు అనేది అన్నిటికంటే చివర అందేది. ముఖం చూడగానే ముందు తెలిసిన మనిషే అనిపిస్తుంది, తర్వాత ఆ మనిషి తాలూకు వివరాలు వస్తాయి, ఆ తర్వాతే పేరు. 1986లో బ్రూస్, యంగ్ అనే ఇద్దరు ప్రతిపాదించిన వరస ఇది. మీకు పాప సంగతి గుర్తొచ్చి పేరు రాకపోవడం ఆ వరసలో చివరి మెట్టు దగ్గర ఆగిపోవడమే. కారిడార్‌లోకి రాగానే రావడానికి కారణం కార్టిసాల్ తగ్గిపోవడం కాదు, అంత తొందరగా అది తగ్గదు. అందరూ చూస్తున్నారన్న ఆ మొదటి జోరు దిగిందనుకుంటాను. నోరాడ్రెనలిన్ మరీ ఎక్కువైనప్పుడు నుదుటి వెనకుండే ప్రీఫ్రాంటల్ భాగం పట్టు తప్పుతుంది, వెతికి తీసే పని చాలావరకు దానిదే.

లిఫ్ట్‌లో కనిపించిన ఆవిడ సంగతి వేరు. ఆ రోజు మీ ధ్యాసంతా ప్రెజెంటేషన్ మీద ఉంది, ఆవిడ ముఖం సరిగ్గా లోపలికి ఎక్కనేలేదు. ఎక్కని దాన్ని మర్చిపోవడం అనలేం. దీని గురించి ఆవిడకి ఒక మాట చెప్పేయండి, చెప్తే అర్థం చేసుకుంటారు.

ఇంటర్వ్యూ పెద్దమనిషి మూడో రకం. అక్కడ ఒత్తిడి ఆ మనిషి వల్లే వచ్చింది, ఆ ముఖం నుంచే వచ్చింది. అలాంటప్పుడు మెదడులో భయం లాంటి భావాల్ని చూసుకునే అమిగ్డాలా అనే భాగం నోరాడ్రెనలిన్‌తో కలిసి హిప్పోకాంపస్‌ని ఇది గట్టిగా పట్టుకో అని ఉసిగొల్పుతుంది, తర్వాత వచ్చే కార్టిసాల్ ఆ ముద్రని ఇంకా బిగిస్తుంది. 1994లో కేహిల్, మెక్‌గా వాళ్లు ఈ నోరాడ్రెనలిన్‌ని అడ్డుకునే ప్రొప్రనలాల్ మాత్ర ఇచ్చి ఒక కథ చెప్తే, కథలో మనసుని కదిలించే భాగం మామూలు భాగం కంటే బాగా గుర్తుండటం అనేది పోయింది, మామూలు భాగాల జ్ఞాపకం మాత్రం మారలేదు. ఒకే హార్మోన్లు, ఒకే మనిషి, సందర్భం మారితే ఒకచోట చెరిపినట్టు, ఇంకోచోట చెక్కినట్టు కనిపిస్తాయి.

ఆక్సిటోసిన్ గురించి విడిగా రాస్తాను, అది పెద్ద కథ.

ఏడోతరగతి_టీచర్

నాడీకణం గారు చెప్పిన లోతు నాకు తెలీదు గానీ కొత్త సంవత్సరం మొదలైన ప్రతిసారీ గది నిండా కొత్త ముఖాలతో పెట్టుకునేదాన్ని కాబట్టి నా అనుభవం చెప్తాను.

పేరు వినగానే వెంటనే ఒకసారి పైకి అనండి, "అయితే మీరు ఫలానా గారన్నమాట" అని. కాసేపటికి మాటల మధ్య ఇంకోసారి వాడండి. ఇంటికెళ్లాక లిస్టు చూడకుండా ఎవరెవరిని కలిశానో గుర్తు చేసుకోండి, రానివాటిని అప్పుడు చూసుకోండి. లిస్టు పదిసార్లు చదివితే రాని ఫలితం, చూడకుండా ఒకసారి తలుచుకుంటే వస్తుంది. నా పిల్లలకి పాఠాలు కూడా అలాగే చెప్తాను.

మీటింగ్ సంగతికొస్తే, ముందురోజు సాయంత్రమే ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఒక కాగితం మీద గీసుకుని పేర్లు రాసి ముందు పెట్టుకోండి. ఇందులో తలవంపులేమీ లేవు. కాగితం ఎదురుగా ఉందన్న ధైర్యంతోనే సగం పేర్లు చూడకుండానే వచ్చేస్తాయి. ఇన్‌స్పెక్షన్ రోజున పై అధికారి పక్కన నిలబడి ఉంటే నాకు మొదటి బెంచీ పిల్లల పేర్లు కూడా తప్పిపోయేవి, అప్పటినుంచి హాజరు పట్టీ టేబుల్ మీద తెరిచే ఉంచుతాను.

అన్నిటికంటే ముఖ్యం, పేరు రాకపోతే అక్కడికక్కడే అడిగేయండి. "పేరు సమయానికి అందలేదు, ఏమనుకోకండి" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. దాచిపెడితేనే ఆ కంగారు తర్వాతి మీటింగ్‌కి కూడా మనతో వస్తుంది.

సందేహరావు

నాడీకణం గారూ, బాగా రాశారు, కానీ నాకొక అభ్యంతరం ఉంది. నీళ్ల తొట్టిలో ఎలుక మెట్టు మర్చిపోవడానికీ, మనిషి మనిషిని మర్చిపోవడానికీ సంబంధం ఉందా? మాటల జాబితా కూడా మనిషి కాదు కదా. మనుషుల్ని గుర్తుపట్టడానికి మెదడులో వేరే ఏర్పాటు ఉందని విన్నాను. ఉంటే ఒత్తిడి దాన్ని కూడా తాకుతుందని ఎవరైనా చూపించారా? లేకపోతే ఇదంతా ఊహే అవుతుంది.

నాడీకణం

సరైన ప్రశ్న అడిగారు. వేరే ఏర్పాటు ఉన్న మాట నిజమే. హిప్పోకాంపస్‌లోనే సీఏ2 అనే చిన్న ముక్క ఉంది, చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2014లో హిట్టి, సీగెల్‌బామ్ అనే ఇద్దరు చిట్టెలుకల్లో ఆ ముక్కలోని కణాల నోరు మూయించారు. మామూలుగా చిట్టెలుక కొత్త ఎలుకని చాలాసేపు వాసన చూస్తుంది, ముందే పరిచయమున్న ఎలుకైతే కాస్త చూసి వదిలేస్తుంది. ఈ ఎలుకలు మాత్రం పరిచయమున్న ఎలుకని కూడా కొత్తదాన్ని చూసినట్టే చూశాయి. దారులు, వస్తువులు లాంటి మిగతా జ్ఞాపకాలు దాదాపు మామూలుగానే ఉన్నాయి. అదే సీఏ2లో వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ని పట్టుకునే ఒక రకం రిసెప్టర్లు దట్టంగా ఉంటాయి. హైపోథాలమస్ నుంచి వాసోప్రెసిన్ తెచ్చే తీగల్ని పరిచయం జరిగే సమయంలో రగిలిస్తే ఆ పరిచయం ఎక్కువకాలం నిలిచిందని 2016లో వచ్చింది.

ఇక ఆక్సిటోసిన్. ఇదీ వాసోప్రెసిన్ దాదాపు కవలలు, రెంటిలోనూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాలు, అందులో రెండే తేడా. కాన్పులో గర్భాశయాన్ని సంకోచింపజేసేదీ, పాలు దిగేలా చేసేదీ ఆక్సిటోసినే. 2000లో ఆ జన్యువే లేని చిట్టెలుకల్ని పరీక్షిస్తే, తోటి ఎలుకని ఎన్నిసార్లు కలిసినా పరిచయం పెరగలేదు, కానీ మామూలు వాసనలు మాత్రం చక్కగా గుర్తుపెట్టుకున్నాయి. తర్వాత అమిగ్డాలాలోకి ఆక్సిటోసిన్ అందిస్తే ఆ లోపం సర్దుకుంది.

మనుషుల్లో ఒత్తిడి సంగతి అడిగారు కదా. 2004లో అమెరికా సైన్యంలో సర్వైవల్ శిక్షణ తీసుకుంటున్న 500 మందికి పైగా సైనికుల మీద ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లని నమూనా యుద్ధఖైదీల శిబిరంలో పెట్టి, ఒకసారి భయంకరంగా, ఒకసారి మెత్తగా ప్రశ్నించారు. ఒక్కో విచారణ దాదాపు 40 నిమిషాలు, ముఖాముఖి, వెలుతురు బాగానే ఉంది. మర్నాడు ఎవరు ప్రశ్నించారో గుర్తుపట్టమంటే, మెత్తగా ప్రశ్నించినవాళ్లని చాలామంది పట్టుకున్నారు, కఠినంగా ప్రశ్నించినవాళ్ల విషయంలో చాలామంది తప్పు మనిషిని చూపించారు. ఇంటర్వ్యూ పెద్దమనిషి గురించి నేను చెప్పినదానికి ఇది ఎదురు కాదు, ఒక ముఖం కళ్లకు కట్టినట్టు అనిపించడం వేరు, ఆ మనిషిని సరిగ్గా పట్టుకోగలగడం వేరు. కోర్టుల్లో ప్రత్యక్ష సాక్షి వేలు చూపించిందే వేదం అనుకునేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి, ఒక అమాయకుడి జీవితం దాని మీద ఆధారపడి ఉంటుంది.

కంగారుని కొలిచే పరీక్ష కూడా ఉంది, 1993లో జర్మనీలోని ట్రీర్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ముఖంలో ఏ భావమూ చూపించని కమిటీ ముందు ఐదు నిమిషాలు మాట్లాడాలి, తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి చెప్పాలి, తప్పు చెప్తే మళ్లీ మొదటికి. చాలామందిలో కార్టిసాల్ లేస్తుంది. ఇలాంటి పరీక్షల తర్వాత ముఖాలకి పేర్లు జతచేయడం, మనుషుల వివరాలు గుర్తు తెచ్చుకోవడం తగ్గిందని అధ్యయనాలు వచ్చాయి. కాబట్టి ఊహ కాదు సందేహరావు గారూ. ఒప్పుకోవాల్సింది ఒకటి, మనిషి మెదడులో సీఏ2 దాకా ఈ గొలుసుని అడుగడుగునా చూపించడం ఇంకా పూర్తి కాలేదు, అక్కడ మీ అనుమానం న్యాయమైనదే.

స్ప్రే గురించి: నీలాంబరి గారూ, కొనొద్దు. కొన్ని అధ్యయనాల్లో ముక్కులోకి కొట్టిన ఆక్సిటోసిన్ వల్ల చూసిన ముఖాలు బాగా గుర్తున్నాయి, కొన్నిట్లో ఏ తేడా లేదు, అసలు ముక్కు నుంచి మెదడుకి ఎంత చేరుతుందన్నదే ఇంకా వాదనలో ఉంది. దానికి ప్రేమ హార్మోన్ అని పేరు పెట్టి అమ్ముతారు గానీ అది తీపి జ్ఞాపకాల్నే ఏరుకోదు. 2013లో చిట్టెలుకల్లో చూస్తే, తోటి ఎలుక చేతిలో దెబ్బలు తిన్న జ్ఞాపకం బలపడటంలో కూడా దాని పాత్ర ఉందని తేలింది. మీ ఇంటర్వ్యూ పెద్దమనిషి ముఖం ఇంకా స్పష్టంగా కనిపించడం మీకు కావాలా?

రాత్రిడ్యూటీ_డాక్టర్

నీలాంబరి గారి భయం గురించి ఒక మాట. కాసేపటికి దానంతటదే గుర్తొచ్చే పేరు, టెన్షన్ సమయంలోనే పోయే పేరు డిమెన్షియాని సూచించదు. డిమెన్షియాలో మనిషికి తన మతిమరుపు తెలియకపోవడం, ఇంట్లోవాళ్లే ముందు కనిపెట్టడం ఎక్కువ. చెప్పిందే మళ్లీ చెప్పడం, తెలిసిన దారి తప్పడం, చేతనైన పనులు చేయలేకపోవడం లాంటివి ఉంటే ఆలస్యం చేయొద్దు. చిన్నప్పటినుంచీ ముఖాలు గుర్తుపట్టడం కష్టంగా ఉంటే అది వేరే, ముఖాలు గుర్తుపట్టలేని స్థితి పుట్టుకతోనే దాదాపు 2 శాతం మందికి ఉంటుందని అంచనా.

అయినా ఒకసారి థైరాయిడ్, బీ12 చూపించుకోండి, రెండూ తేలిగ్గా సరిచేయగలిగేవే. నిద్ర ఎలా ఉందో చూసుకోండి. దిగులు ఎక్కువ రోజులు వెంటాడుతుంటే అది కూడా మతిమరుపులాగే కనిపిస్తుంది. వాడే మందులు కూడా చెప్పండి, నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు జ్ఞాపకశక్తిని మందగింపజేయగలవు. స్టెరాయిడ్ వాడేవాళ్లు ఇది చదివి మీ అంతట మీరు ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు, డాక్టర్ని అడిగే తగ్గించాలి.

నీలాంబరి

అందరికీ చాలా చాలా థాంక్స్. డాక్టర్ గారు చెప్పాక గుండె కుదుటపడింది. లిఫ్ట్‌లో చూసిన ఆవిడ దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను, ఆవిడ కూడా మీటింగుల్లో పేర్లు మర్చిపోతారట!

ఒక్కటి అడగాలి. ఈ టెన్షన్ ఏళ్ల తరబడి ఉంటే మెదడు శాశ్వతంగా పాడవుతుందా? ఇంకోటి, పేరు తప్పు పిలుస్తానేమోనని ఈ మధ్య భోజనం దగ్గర కూడా విడిగా కూర్చుంటున్నాను, దానివల్ల ఏమైనా తేడా ఉంటుందా?

నాడీకణం

మొదటిదానికి: ఒత్తిడి వారాల తరబడి సాగితే ఎలుకల హిప్పోకాంపస్‌లో కణాల కొమ్మలు కురచబడతాయి, ఒత్తిడి తీసేస్తే మళ్లీ పెరుగుతాయి. కార్టిసాల్ విపరీతంగా తయారయ్యే కుషింగ్ జబ్బు ఉన్నవాళ్లలో హిప్పోకాంపస్ చిన్నదిగా కనిపిస్తుంది, వైద్యం చేశాక కొంత తిరిగి పెరిగిందని కూడా చూశారు. కాబట్టి శాశ్వతం అన్న మాట తొందరపడి వాడను. అమిగ్డాలా మాత్రం మొండిది. బెంగళూరులో సుమంత్ర చటర్జీ బృందం 2002లో చూపించింది, దీర్ఘకాల ఒత్తిడిలో హిప్పోకాంపస్ కొమ్మలు తగ్గుతుంటే అమిగ్డాలాలో కొమ్మలు పెరుగుతాయని. ఒత్తిడి పోయి మూడు వారాలైనా ఆ పెరుగుదల అలాగే ఉండిపోయిందని వాళ్లే తర్వాత చూపించారు. ఒత్తిడి తగ్గాక పేర్లు తిరిగొచ్చినా భయం ఒక పట్టాన పోకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు, అందుకే మీరు దాన్ని మొదట్లోనే పట్టించుకోవడం మంచిది.

రెండోదానికి మాత్రం గట్టిగా చెప్తాను, విడిగా కూర్చోవడం ఆపేయండి. నలుగురితో కలిసి పెరిగే చిట్టెలుక ఒకసారి కలిసిన ఎలుకని వారం తర్వాత కూడా గుర్తుపట్టింది, ఒంటరిగా ఉంచినదానికి ఆ పరిచయం ఎక్కువసేపు నిలవలేదు. మనుషుల్లో చూస్తే, ఆ ట్రీర్ పరీక్షకి ముందు దగ్గరి స్నేహితుడు పక్కనుండి ధైర్యం చెప్పినవాళ్లకి కార్టిసాల్ తక్కువ లేచింది. మీకు దగ్గరగా ఉండే ఒకరిద్దరితో మీటింగ్‌కి ముందు పది నిమిషాలు మాట్లాడి లోపలికి వెళ్లండి. టీచర్ గారి కాగితం కూడా వెంట పెట్టుకోండి.

ఏడోతరగతి_టీచర్

పేర్లు పెద్ద అక్షరాలతో రాసుకోండి నీలాంబరి గారూ, కంగారులో చిన్న అక్షరాలు కనిపించవు.